గంగ అవతలి ఇల్లు



మా సీనియర్ వకీలు సారు పేరు చెప్పగానే కరీంనగర్ కోర్టులో ఎవరికైనా భూమి కేసులే యాదికొస్తాయి. రక్షిత కౌలుదార్లు, ఇనాం భూములు, పహాణీల్లో తారుమారైన పేర్లు. ఆయన దగ్గర పద్నాలుగేళ్లు జూనియర్‌గా ఉన్నదాన్ని కాబట్టి నేనూ ఆ సంగతులే మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. కానీ మంచాన పడ్డాక సారు నా చేతికిచ్చిన ఆఖరి ఫైలు భూమిది కాదు. అందులో ఉన్నది ఒకటే కాయితం. నాలుగు మడతల పాత స్టాంపు పేపరు, మడతలు చిరిగిన చోట వెనక నుంచి అన్నం మెతుకులతో అంటించిన వార్తాపత్రిక ముక్కలు. “ఇది దత్తపత్రం. పిలగాడు కన్నతల్లిని చూస్తనంటుండు. నువ్వు తోలుకపో. ఆడమనిషివి, నీతోనైతే ఆమె మాట్లాడుతది” అన్నారు.

ఈ కథలోని కొడుకును, ఇద్దరు తల్లులను, ముగ్గురినీ అడిగి, సరే అన్నాకే మీ ముందు చెబుతున్నాను. పేర్లు చెప్పను, ఊరు చెప్పను, ఆనవాలు పట్టే వివరం ఏదైనా ఉంటే మార్చాను.

అతడు బెల్లంపల్లి దిక్కు బొగ్గుబాయి కార్మికుని కొడుకు. ముప్పయి నాలుగేళ్లు వచ్చేదాకా ఆ ఇంట్లోనే పుట్టాననుకున్నాడు. తండ్రి ఆరోగ్యం చెడి ‘అన్‌ఫిట్’ అయినప్పుడు డిపెండెంటు ఉద్యోగానికి కాయితాలు పెట్టాల్సి వచ్చింది. బొగ్గుగనుల వేతన ఒప్పందంలో కార్మికుని మీద ఆధారపడినవాళ్లు ఎవరో చెప్పే చోట భార్య లేక భర్త, పెళ్లికాని కూతురు, కొడుకు అని రాసి, ఆ పక్కనే ‘చట్టబద్ధంగా దత్తత తీసుకున్న కొడుకు’ అని కూడా రాశారు. ఆ ఒక్క ముక్క కోసం మన బొగ్గుబాయి ఊళ్లలో ఎన్ని ట్రంకుపెట్టెలు తెరుచుకున్నాయో మా వకీళ్లకు తెలుసు. ఉద్యోగం కోసం లేని దత్తతను పుట్టించినవాళ్లూ ఉన్నారు. ఉన్న దత్తతను అన్నేళ్లూ కడుపులో దాచుకుని, ఆ రోజు బయటపెట్టక తప్పనివాళ్లూ ఉన్నారు. ఇతని తల్లి పెట్టె అడుగున, పెళ్లిచీర కింద నుంచి ఆ కాయితం తీసి కొడుకు చేతిలో పెట్టింది. “నిన్ను సాదుకున్నం బిడ్డా” అన్నది. ఆ తర్వాత రెండు రోజులు ఆమె అన్నం తినలేదు. అతడూ తినలేదు.

మా ఆఫీసుకు వచ్చిన రోజు అతడు నన్ను అడిగింది న్యాయసలహా కాదు. కాయితం మీద వేలు పెట్టి, “ఇండ్ల నా పేరు లేదు మేడం, చూసిండ్రా?” అన్నాడు. నిజమే. ‘మగశిశువు, వయసు ఐదు నెలలు’ అని మాత్రమే ఉంది. ఇచ్చిన ఆమె పేరు ఉంది, చనిపోయిన భర్త పేరు ఉంది, ఊరు ఉంది, ఇద్దరు సాక్షులున్నారు, కింద ఎడమచేతి బొటనవేలి నిశాని ఉంది. ఇచ్చిన వస్తువుకు పేరు లేనట్టే అతనికీ పేరు లేదు. “అంతకుముందు ఐదు నెలలు నన్ను ఏమని పిలిచిండ్రో అడగాలె” అన్నాడు. అతనికి కావలసింది అంతే. ఆస్తి కాదు, వాటా కాదు.

మా దిక్కు గోదావరిని ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. గంగకు ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్. 2016 అక్టోబరులో రెండు జిల్లాలూ ముక్కలై ఇటు పెద్దపల్లి, జగిత్యాల, అటు మంచిర్యాల, నిర్మల్ వచ్చినా ముసలివాళ్ల నోట ఇప్పటికీ ‘గంగ ఇవతల, గంగ అవతల’ అనే మాటే. ఐదు నెలల పిల్లవాడు ఇవతలి నుంచి అవతలికి పోయాడు. అతడు ఇవతలికి వచ్చేసరికి కాయితంలో ఉన్న ఊరు లేదు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టులో ఇరవై టీఎంసీల నీళ్లు నిలవాలంటే రెండు గట్ల మీదా ఊళ్లు ఖాళీ చేయాలి. అట్లా మునిగిన ఊళ్లలో అదొకటి.

భూమి కేసుల వకీలు దగ్గర నేర్చుకున్న పని అప్పుడు అక్కరకొచ్చింది. ముంపు పరిహారం జాబితాలు తెప్పించి, సాక్షి సంతకం చేసినాయన ఇంటిపేరు పట్టుకుని, పునరావాస కాలనీల్లో తిరిగాం. కొత్త కాలనీలో ఇళ్లన్నీ ఒక్క తీరే ఉంటాయి. పాత ఊరి వాడకట్టు వరసలు చెదిరిపోతాయి. ఎవరి పక్కన ఎవరుండేవారో ముసలివాళ్లు నోటితో చెప్పాల్సిందే. మూడు నెలలకు కన్నతల్లి అక్క దొరికింది. నేను చెప్పింది విని ఆ పెద్దమ్మ తలుపు దగ్గరికి వేసి వచ్చి, “దానికి మారుమనువైంది. గా ఇంట్ల ఎవ్వలికీ ఎరుక లేదు. మీరు దాని ఇంటికి పోవద్దు” అన్నది.

ఆ రోజు వెనక్కి వచ్చేటప్పుడు కారులో అతడు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇక్కడ కథ ఆపి, చాలామంది అతణ్ని అడిగిన ప్రశ్న ఒకటి చెప్పాలి. బంధువులు అడిగారు, స్నేహితులు అడిగారు, మా బార్‌లో కూడా ఒకరిద్దరు అడిగారు. “సాదినోళ్లు ఏం తక్కువ చేసిండ్రని?”

ఈ ప్రశ్నకు మన జాతి పేరంత వయసుంది. తెలుగువాళ్ల చరిత్ర పుస్తకం ఏది తెరిచినా మొదటి పుటల్లోనే ‘ఆంధ్రుల ప్రస్తావన తొలిసారి ఐతరేయ బ్రాహ్మణంలో ఉంది’ అనే వాక్యం కనబడుతుంది. పోటీ పరీక్షల పిల్లలంతా బట్టీ పట్టే వాక్యం. ఆ ప్రస్తావన ఏ సందర్భంలో వచ్చిందో మాత్రం నాకు బడిలో ఎవరూ చెప్పలేదు, సారు చెప్పారు. అది ఒక దత్తత తగాదా. హరిశ్చంద్రుని కొడుకు బదులు బలి ఇవ్వడానికి ఒక పిల్లవాడు కావాలి. అజీగర్తుడనే ఆకలిగొన్న బ్రాహ్మణునికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ని ఇవ్వనని తండ్రి అన్నాడు, చిన్నవాణ్ని ఇవ్వనని తల్లి అన్నది. నడిమివాడు శునశ్శేపుడు మిగిలాడు. నూరు ఆవులకు అమ్మారు. యూపస్తంభానికి కట్టడానికి తండ్రి ఇంకో నూరు, నరకడానికి ఇంకో నూరు తీసుకున్నాడు. దేవతలు కరుణించి పిల్లవాడు బతికాక విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. అప్పుడు కన్నతండ్రి వచ్చి నా కొడుకును నాకు ఇవ్వమన్నాడు. పిల్లవాడు రానన్నాడు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరు పెట్టి తన కొడుకులందరికీ పెద్దవాణ్ని చేశాడు. నూటొక్కమంది కొడుకుల్లో పెద్దవాళ్లు యాభైమంది దానికి ఒప్పుకోలేదు. తండ్రి శపించాడు. ఆ శాపం తగిలినవాళ్ల సంతతే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని అక్కడ రాశారు.

అంటే మన పేరు మొట్టమొదట వినబడిన చోట మనం, దత్తుగా వచ్చినవాణ్ని ఇంటివాడిగా ఒప్పుకోని అన్నలం. ఆ కథ నాకు చాలా ఇష్టం, ఒకందుకు. పిల్లవాడికి అంతా తెలుసు. ఎవరు కన్నారు, ఎవరు అమ్మారు, ఎంతకు అమ్మారు, ఎవరు ఒడిలో కూర్చోబెట్టుకున్నారు, అన్నీ తెలిసి తన నోటితో తాను రానన్నాడు. కన్నవాళ్లను చూడాలనుకునే హక్కు ఎంత ఉందో, చూశాక వద్దనుకునే హక్కూ అంతే ఉంది. రెండింటికీ ముందు తెలియాలి. తెలియనివాడికి వద్దనే వీలు కూడా ఉండదు.

కర్ణుని కథ దీనికి తలకిందులు. కర్ణునికి తన పుట్టుక చెప్పారు, కానీ చెప్పినవాళ్ల అవసరం కోసం, యుద్ధం గుమ్మంలోకి వచ్చాక చెప్పారు. దాచడం ఎంత తప్పో, మన అక్కర కొద్దీ బయటపెట్టడం అంతకన్నా పెద్ద తప్పు. ఉద్యోగం కాయితాల కోసం పెట్టె తెరిచిన ఆ తల్లికి ఈ బాధే ఉండేది. “ముందే చెప్పవలసుండె. నౌకరి కోసం చెప్పినట్టయింది” అని నాతో ఎన్నోసార్లు అన్నది.

దాచడం మన ఆచారం కాదని అనడానికి దూరం పోనక్కర్లేదు. పీవీ నరసింహారావు గారు 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, మూడేళ్లప్పుడు అప్పటి కరీంనగర్ జిల్లా వంగరలో పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ గార్లకు దత్తు వచ్చారు. కన్నఊరు, పెరిగిన ఊరు రెండూ ఆయనను మావాడే అంటాయి. ఆయన మీద వచ్చిన ఏ జీవితచరిత్రలోనూ ఇది రహస్యం కాదు, మొదటి పేజీల్లోనే ఉంటుంది. దేశ ప్రధాని అయిన మనిషికి రెండు ఇళ్లుండడం లోపంగా ఎవరికీ తోచలేదు.

మరి బొగ్గుబాయి కార్మికుని ఇంట్లో ఎందుకు దాచారు? నేను చూసినంతలో తేడా ఒక్కటే. ఆస్తి ఉన్న ఇంట్లో దత్తత పదిమందికి తెలియాలి, లేకపోతే వారసత్వం నిలవదు. ఆస్తి లేని ఇంట్లో దత్తత ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే పిల్లవాడు నిలవడని భయం. వతన్లు, మాలీ పటేండ్లు, పట్వారీగిరీలు ఉన్న ఇళ్లలో పందిరి వేసి, హోమం చేసి, ఊరిని పిలిచి దత్తు తీసుకున్నారు. లేనివాళ్లు రాత్రిపూట గంగ దాటించి తెచ్చుకున్నారు.

ఇప్పుడు చట్టం సంగతి. క్లుప్తంగానే చెబుతాను. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం పన్నెండో సెక్షను ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి బిడ్డకు కన్న ఇంటితో బంధాలన్నీ తెగి, పెంచిన ఇంట్లో కొత్తగా పుడతాయి. పదిహేనో సెక్షను ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేయలేరు. కాబట్టి కన్నతల్లిని చూసి వస్తే పెంచిన తల్లి హక్కు పోతుందన్న భయానికి చట్టంలో ఎక్కడా తావు లేదు. ఈ మాట నేను బెల్లంపల్లి తల్లికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆమె రెండోసారి నవ్వి, “సట్టం నన్ను అమ్మ అన్నదన్నమాట” అన్నది.

అదే పన్నెండో సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. కన్న ఇంట్లోనే ఉండి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో, దత్తు పోయాక కూడా వాళ్లను పెళ్లాడకూడదు. అన్ని బంధాలూ తెంచిన చట్టం ఈ ఒక్క పోగు మాత్రం తెంచలేదు. సరే, ఎవరు కన్నారో తెలియని మనిషి ఈ షరతును ఎట్లా పాటిస్తాడు? ఎవరి కూతురిని తప్పించుకోవాలో అతనికెట్లా తెలుస్తుంది? కోర్టుల్లో ఇన్నేళ్లు ఉండి కూడా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. చదువు రాని ఒక బీడీ కార్మికురాలు దాన్ని నా ముందు పెట్టింది.

తల్లీకొడుకులు కలుసుకోవడం పెద్దమ్మ ఇంట్లోనే జరిగింది. ఉపాయం కూడా పెద్దమ్మదే. చెల్లెలు వారంలో రెండు మూడు రోజులు అక్క ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తుంది. కాబట్టి చాట పట్టుకుని వస్తే ఎవరూ ఏమీ అనుకోరు. మేము పరిహారం కాయితాల కోసం వచ్చిన వకీలు, గుమాస్తా.

ఆమె వచ్చింది. చాట ఒళ్లో పెట్టుకుంది. తడిపిన తునికాకు కత్తెరతో కోసి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం కట్టింది. ఒకటి, రెండు, మూడు. కొడుకు ఎదురుగా నులక మంచం మీద ఉన్నాడు. ఆమె కళ్లెత్తి చూసి, మళ్లీ చాటలోకి చూసుకుని, ఇంకో ఆకు తీసింది. సాయంత్రానికి లెక్క అప్పజెప్పాలి, చేతులు ఆగితే వీధిలో పోయేవాళ్లకు అనుమానం. ఆమె ఏడుస్తుందని, ఎత్తుకుంటుందని నేను నా మనసులో ఒక బొమ్మ గీసుకుని పోయాను. ఆమె అన్న మొదటి మాట, “ఎవ్వల పోలిక రాలే నీకు.” మొగని పోలిక ఉంటుందేమోనని ఇన్నేళ్లూ అనుకుందట. “సాదినోళ్ల తీరే ఉన్నట్టున్నవ్.” అతనికి నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు విని ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న, “కోడలు ఏ ఇంటి పిల్ల?”

అతడు భార్య పుట్టింటి ఇంటిపేరు చెప్పాడు. “ఏ ఊరు?” చెప్పాడు. “వాళ్ల అవ్వగారిల్లు ఏ ఊరు?” అదీ చెప్పాడు. దారపు ఉండ పక్కన పెట్టి వేళ్ల మీద లెక్క వేసుకుంది. అత్తగారి పక్క, తల్లిగారి పక్క, చచ్చిపోయిన భర్త మేనమామల పక్క, అన్నీ. లెక్క తేలేదాకా ఎవరం మాట్లాడలేదు. “అయితే తప్పు గాలే” అని దీర్ఘంగా ఊపిరి వదిలింది.

అప్పుడు పెద్దమ్మ నాకు చెప్పింది. కులంలో ఎక్కడ లగ్గం జరిగినా, శుభలేఖ వచ్చినా చెల్లెలు పనిగట్టుకుని అడిగేదట. పిలగాడు వాళ్లకు పుట్టినోడేనా, సాదుకున్నోడా? పిల్లనిచ్చేది గంగ అవతలికా? మారుమనువులో తనకు పుట్టిన బిడ్డకు సంబంధాలు చూసేటప్పుడైతే అవతలి సంబంధం ఏది వచ్చినా ఏదో ఒక వంక పెట్టి తప్పించిందట. భర్త కోప్పడ్డాడు, అత్త తిట్టింది. కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. పార్లమెంటు ఒక మినహాయింపుగా రాసి వదిలేసిన బాధ్యతను ముప్పయి నాలుగేళ్లు ఒక ఆడమనిషి ఒక్కతే మోసింది.

మెదళ్లలో ఇట్లాంటి లెక్కలు మోసే సమాజం గంగ అవతల ఇంకొకటి ఉంది. ఆదిలాబాద్ గోండుల్లో ఏ ఇంటివాడైనా నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు వేల్పుల సగల్లో ఏదో ఒకదానికి చెందుతాడు. ఒకే సగలోవాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి లేదు. వంశకథలను పర్ధాన్లు, తోటీలు తరతరాలుగా పాడి నిలిపారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్థులు గోదావరి జలం నడిచి తెచ్చి, కొత్త కోడళ్లను దేవుని ముందు నిలబెట్టి పరిచయం చేస్తారు. భేటింగ్ అంటారు దాన్ని. ఆ పరిచయం అయ్యాకనే ఆమె ఆ వంశపు మనిషి. ఇంట్లోకి వచ్చిన మనిషిని అందరి ముందూ వచ్చినట్టుగానే ఒప్పుకునే పద్ధతి అది. ఇంకో సంగతి, 1956 చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప వాళ్ల దత్తతలు వాళ్ల ఆచారం ప్రకారమే. అక్కడి బిడ్డ ఒక దత్తత సంస్థ ద్వారా ఊరు దాటిపోతే పోయేది అమ్మానాన్నల పేర్లు మాత్రమే కాదు. ఎవరు అన్న, ఎవరు బావ అని చెప్పే సగ కూడా పోతుంది.

మళ్లీ అరుగు దగ్గరికి వస్తాను. ఆమె నన్ను అడిగింది, “గా కాయితంల ఏం రాసిండ్రు బిడ్డా? గప్పుడు నాకు సదివి చెప్పలే. ఏలు పట్టి అద్దిచ్చిండ్రు.”

చదివాను. ‘నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా’ అనే చోట నా గొంతు తడబడింది. ఆ వాక్యం నేను నా చేత్తో వందల దస్తావేజుల్లో రాశాను. అలవాటైన వాక్యం, కలం దానంతట అదే రాస్తుంది. పందొమ్మిదేళ్ల బాలింత విధవ, మారుమనువుకు ఒప్పించిన పెద్దలు, పిల్లవాడుంటే సంబంధం రాదన్న మాట, ఇవన్నీ ఆ వాక్యం కిందికి ఎట్లా పోయాయో అప్పటిదాకా ఆలోచించలేదు. ఆమె విని, “ఇష్టమట” అన్నది. అంతే. ఇంకో ఆకు తీసింది.

భర్త బతికుంటే బిడ్డను ఇచ్చే అధికారం కూడా ఆమెది అయ్యేది కాదు. 2010లో చట్టం సవరించేదాకా బిడ్డను దత్తు ఇచ్చే అధికారం తండ్రిది. తల్లి సమ్మతి ఇస్తుంది, అంతే. సవరణ తర్వాతే ఇద్దరికీ సమానంగా వచ్చింది. నవమాసాలు మోసిన మనిషికి ఆ అధికారం ఇవ్వడానికి చట్టానికి 54 ఏళ్లు పట్టిందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సంస్థల ద్వారా జరిగే దత్తతల్లో ఇప్పుడు కొంత నయం. జువెనైల్ జస్టిస్ చట్టం కింద తల్లిదండ్రులు బిడ్డను అప్పగించినా మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. కేంద్ర దత్తత వనరుల సంస్థ, కారా, నియమాల్లో మూలాల అన్వేషణకు చోటు పెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండిన దత్తబిడ్డ స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు, అంతకన్నా చిన్నవాళ్లు పెంచిన తల్లిదండ్రులతో కలిసి చేసుకోవచ్చు. మూడో మనిషికి ఆ వీలు లేదు. అప్పగించేటప్పుడు గోప్యత కోరిన తల్లి ఉంటే ఆమె సమ్మతి అడగాలి. ఆమె కాదంటే పేరు చెప్పరు, ఏ పరిస్థితుల్లో అప్పగించిందో మాత్రం బిడ్డకు చెబుతారు. ఈ చివరి నియమం రాసినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. తల్లి చాటూ నిలిచింది, బిడ్డ చేయీ ఖాళీగా పోలేదు. 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో సుప్రీంకోర్టు విదేశీ దత్తతలకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, బిడ్డ పెద్దయ్యాక కన్నవారి వివరాలు చెప్పడమా మానడమా అన్నది పెంచినవారి విచక్షణకు వదిలింది. అక్కడి నుంచి బిడ్డే అడిగే హక్కు దాకా వచ్చాం. ఇంగ్లండులోనైతే పెద్దయిన దత్తబిడ్డలకు జనన రికార్డులను 1975 నాటి చట్టమే తెరిచింది.

అయితే ఇవేవీ మా పిలగానికి పనికిరాలేదు. అతనిది సంస్థ దత్తత కాదు, స్టాంపు పేపరు దత్తత. 1956 చట్టం కింద బిడ్డను చేతుల్లోంచి చేతుల్లోకి ఇచ్చి పుచ్చుకుంటే చాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. దానికి జాబితా లేదు, కారా లేదు, అన్వేషణ దరఖాస్తు లేదు. ఉన్నది ఒక ట్రంకుపెట్టె. మన పల్లెల్లో జరిగిన దత్తతల్లో ఎక్కువ భాగం ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. పెట్టె మునిగితే, చెదలు పడితే, ఇంట్లో పెద్దమనిషి పోతే అంతటితో సరి.

కాయితం ఉన్నంత మాత్రాన నిజం ఉన్నట్టూ కాదు. 1999లో, మళ్లీ 2001లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో బయటపడ్డ విదేశీ దత్తతల కుంభకోణాలు మీలో పెద్దలకు యాదికుంటాయి. నల్లగొండ, రంగారెడ్డి, మహబూబ్‌నగర్ తండాల్లో లంబాడా తల్లుల దగ్గర ఆడపిల్లలను కొద్ది డబ్బుకు తీసుకుని, అప్పగింత పత్రాలు పుట్టించి విదేశాలకు పంపారు. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా ఆ తల్లుల వైపు నుంచి దీన్ని పరిశోధించి పుస్తకం రాశారు. 2001లో ప్రభుత్వం పేదరికం పేరు మీద, ఆడపిల్ల అన్న పేరు మీద బిడ్డలను అప్పగించడాన్నే నిషేధించింది. అమెరికాలోని అలబామాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో మన రాష్ట్రం నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. అమ్మ మమ్మల్ని ఇవ్వలేదని ఆ పిల్లలే చెప్పారు. పిల్లల మాట నమ్మి ఆ దంపతులు కన్నతల్లి కోసం వెతికారు. ఆమె దొరకడానికి ఆరేళ్ల దాకా పట్టింది. ఆ తర్వాత స్మోలిన్ తన విద్వత్తునంతా దొంగ కాయితాల దత్తతల మీదికి మళ్లించాడు. పెంచిన తండ్రే కన్నతల్లిని వెతికిన ఆ ఉదాహరణ నాకు విలువైనది. “సాదినోళ్లు ఏం తక్కువ చేసిండ్రు” అని అడిగేవాళ్లకు దాన్ని చెబుతుంటాను.

మన జిల్లాల శిశుగృహాల్లో పనిచేసే అక్కచెల్లెళ్లు ఈ సభలో కొందరున్నారు. మీకు ఒకటే విన్నపం. ఊయలలో దొరికిన బిడ్డ, బస్టాండులో దొరికిన బిడ్డ రేపు పద్దెనిమిదేళ్లకు వచ్చి అడిగితే మీరు రాసిన పేజీ తప్ప అతనికి వంశం లేదు. ‘దొరికిన శిశువు’ అని ఒక ముక్కలో ముగించకండి. ఏ పూట, ఏ దిక్కు, ఒంటి మీద ఏ బట్ట, చేతికి దారం ఉందా, కాటుక పెట్టి ఉందా, ముందు చూసినవాళ్లు ఎవరు, అన్నీ రాయండి. పత్రికలో ఫొటోతో ఇచ్చిన ప్రకటన కత్తిరించి ఫైలులో కుట్టండి. కాటుక పెట్టి ఉందన్న ఒక్క మాట చాలు, వదిలే ముందు ఎవరో ఆ బిడ్డను ముస్తాబు చేశారని అతడు తెలుసుకుంటాడు. జిల్లాలు చీలినప్పుడు మా కోర్టు ఫైళ్లు మూటలు కట్టి లారీల్లో పోవడం చూశాను. వాటిలో భూములు పోతే కేసు వేసి తెచ్చుకోవచ్చు, మీరు రాసిన పేజీ పోతే తెచ్చుకోలేం.

ఆ రోజు సాయంత్రం అయిదింటికి ఆమె లేచింది. చాటలో కట్టలు లెక్కపెట్టుకుంది. అతడు అప్పుడు అడిగాడు, తనను ఏమని పిలిచారో. ఆమె చెప్పింది. నేను ఇక్కడ చెప్పను, అది వాళ్లిద్దరిది. ఇంటికి రావద్దని, ఫోను చేయవద్దని, తానే అక్క ఫోను నుంచి చేస్తానని చెప్పింది. అతడు తల ఊపాడు. నొచ్చుకున్నాడు, కానీ ఊపాడు.

మేము ఆమెను చూడడానికి వచ్చేటప్పుడు బెల్లంపల్లి తల్లి ఒక సంచి పంపింది. అందులో చిలకపచ్చ చీర, కుంకుమ పొట్లం, రెండు కొబ్బరికుడుకలు. “కన్న కడుపుకు నా పెట్టుబడి” అని చెప్పమన్నది. కన్నతల్లి ఆ చీర మడత విప్పి, కొంగు చూసి, అరచేత్తో రెండుసార్లు నిమిరి, మళ్లీ మడత పెట్టి నా చేతికిచ్చింది. “ఇంట్ల పెట్టుకుంటే ఎక్కడిదంటరు. నీ దగ్గరుండనియ్ బిడ్డా” అన్నది.

ఆ చీర సారు బీరువాలో ఉంది, పై అరలో, పాత పహాణీల పక్కన. ఏటా బతుకమ్మ ముందు పెద్దమ్మ ఫోను నుంచి నాకు ఫోను వస్తుంది. కొడుకు సంగతి, మనవరాలి చదువు సంగతి అడుగుతుంది. పెట్టేసే ముందు, “చీర ఉన్నదా?” అంటుంది.

“ఉన్నదమ్మా” అంటాను.